ముందు పేటల లీగ్, తర్వాతే బెజవాడ క్లబ్బు

సంపాదకులకు,

అయ్యా,

విజయవాడకో గుంటూరుకో సొంత ఫుట్‌బాల్ క్లబ్బు ఉంటే ఊరికి ఒక గుర్తింపు వస్తుందన్న మాట ఆట తెలిసినవాళ్ల మధ్య చాలాకాలంగా నలుగుతోంది. ఆ కోరికతో మాకు పేచీ లేదు. పేచీ అంతా దారి దగ్గరే. డబ్బున్నవాళ్లెవరో వచ్చి లైసెన్సు కొని, జెర్సీ మీద ఊరి పేరు అచ్చేసి, ఆటగాళ్లను పదిచోట్ల నుంచి తెచ్చి దింపితే క్లబ్బు వచ్చేసినట్టేనని చాలామంది అనుకుంటున్నారు. అలా వచ్చింది ఎలా పోతుందో పక్కనే చూశాం.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది, పుణె క్లబ్బు మూతపడ్డ ఖాళీలో. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి దేశంలోని పెద్ద క్లబ్బుల లీగ్ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు ఎత్తింది. 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. బాధపడ్డవాళ్లు లేకపోలేదు గానీ, ఊరు ఊరంతా కదిలింది లేదు. అదే లండన్ శివార్లలోని వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్‌కు తరలించుకోవచ్చని 2002లో అనుమతి వచ్చినప్పుడు, అభిమానులు ఆ వేసవిలోనే చందాలు వేసుకుని ఏఎఫ్‌సీ వింబుల్డన్ అనే కొత్త క్లబ్బు పెట్టారు. ఊరి పచ్చికబయలులో సెలక్షన్లు జరిపి, అక్కడి వ్యవస్థలో తొమ్మిదో అంచె నుంచి మొదలెట్టి, 2011కల్లా నాలుగో అంచెకు, అంటే ఫుట్‌బాల్ లీగ్‌లోకి ఎక్కారు. 2020లో పాత పేట ప్లౌ లేన్‌లోనే కొత్త స్టేడియం కట్టుకున్నారు. లైసెన్సు పోయినా అక్కడ జనం చెదరలేదు. హైదరాబాద్‌లో కప్పు ఉండి కూడా జనం కుదురుకోలేదు.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్తా అంటే, కానే కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఉపాధ్యాయుడు 1943లో అక్కడి ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన శిక్షణలో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు, అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు గెలిచింది. 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలూ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానమూ ఆయన కోచ్‌గా ఉన్నప్పటివే. తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ ఆ నేల మీద పుట్టినవాళ్లే. రహీం చేసిన పనుల్లో మా బోటివాళ్లకు ఈనాటికీ పనికొచ్చేది ఒకటుంది. డ్రిబ్లింగ్ (బంతిని కాళ్ల దగ్గరే పెట్టుకుని ఒక్కడే దూసుకెళ్లడం) నిషేధించిన పోటీలు పెట్టాడు, వాటం లేని కాలితోనే ఆడాలన్న పోటీలు పెట్టాడు. ఖర్చు ఏమీ లేదు, నియమం మార్చడమే. పేట కుర్రాడికి పాస్ ఇవ్వడం వచ్చింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల జట్ల జాతీయ పోటీ సంతోష్ ట్రోఫీ గెలిచిందంటే ఆ పునాది మీదే.

క్లబ్బు ఊరి స్వభావాన్ని ఎలా మలుస్తుందో చూడాలంటే కలకత్తాను మించిన చోటు లేదు. 1889లో పుట్టిన మోహన్ బగాన్ 1911 జూలై 29న ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో బ్రిటిష్ సైనిక జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2–1తో ఓడించింది. మనవాళ్లలో ఒక్కరికి తప్ప కాళ్లకు బూట్లు లేవు. తెల్లవాడిని సమాన నియమాల మీద ఓడించవచ్చని ఒక నగరం కళ్లారా చూసింది. 1934లో ముస్లింల జట్టుగా పేరున్న మహమ్మడన్ స్పోర్టింగ్ కలకత్తా లీగ్ గెలిచి వరసగా ఐదేళ్లు వదలలేదు. 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ క్లబ్బు, దేశవిభజన తర్వాత తూర్పు నుంచి వచ్చిన శరణార్థులకు చిరునామా అయింది. ఇల్లు పోయినవాడికి గ్యాలరీలో చోటు దొరికింది. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే పులస, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య అన్నది అక్కడ వంటింటి దాకా వెళ్లిన లెక్క. (పులస అన్నాం కదాని గోదావరివాళ్లు తగవుకు రావద్దు. వాళ్ల ఇలిష్, మన పులస ఒకే జాతి చేప.) ఈ అభిమానానికి చీకటి పక్కా ఉంది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల మ్యాచ్‌లో తొక్కిసలాట జరిగి 16 మంది చనిపోయారు. గేట్లు, మెట్లు, రెండు పక్షాల గ్యాలరీలను విడదీయడం లాంటివి క్లబ్బు పెద్దదయ్యాక ఆలోచించే విషయాలు కావు.

మన దగ్గరా వలస వచ్చినవాళ్లతో నిండిన ఊరే బెజవాడ. రైలు జంక్షను, ఆటోనగర్, మూడు కాలువలు, వాటి గట్ల మీది పేటలు. దివిసీమ నుంచి వచ్చినవాడూ, తిరువూరు నుంచి వచ్చినవాడూ, ఉత్తరాంధ్ర నుంచి కూలికి వచ్చి సింగ్‌నగర్‌లో స్థిరపడ్డవాడూ ‘మాది బెజవాడ’ అని ఒక్క గొంతుతో అనే సందర్భం ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? దసరాకు కొండ మీద. అంతకుమించి మనల్ని కలిపేవాటికన్నా విడదీసేవే ఎక్కువ: కులం, పార్టీ, హీరో. అభిమానానికి కరువు లేదు. రాత్రికి రాత్రి నలభై అడుగుల కటౌట్ లేపడం, తెల్లవారుజామున నాలుగింటికి థియేటర్ ముందు వెయ్యిమందిని నిలబెట్టడం ఇక్కడి కుర్రాళ్లకు చేతనైన విద్య. దానికి ఏటా ఇరవై ఆదివారాలు ఒకేచోట పని కల్పించాలి.

ఇక గుంటూరు. ముప్పై కిలోమీటర్ల చిల్లర దూరం, మధ్యలో కృష్ణ. ఇంతకన్నా మంచి డెర్బీ (ఇరుగుపొరుగు జట్ల పోటీ) దేశంలో ఎక్కడ దొరుకుతుంది? వాళ్లకు మిర్చి యార్డు, మనకు నున్న మామిడి మార్కెట్టు. మిర్చి గెలిచినా మామిడి గెలిచినా మర్నాడు రెండూ ఒకే జాడీలో కలవాల్సిందే, లేకపోతే ఆవకాయ లేదు.

అసలు చిక్కు జెర్సీ రంగు దగ్గర వస్తుంది. నవ్వులాట కాదు. పసుపు ఒక పార్టీది, ఎరుపు కామ్రేడ్లది, కాషాయం ఇంకొకరిది, నీలం–ఆకుపచ్చ మరొకరిది. ఈ జిల్లాల్లో ఏ రంగు వేసినా ఎవరో ఒకరు భుజాలు తడుముకుంటారు. గుంటూరుకు ఫర్వాలేదు, మిరపపండు ఎరుపు పార్టీలకన్నా ముందునుంచీ వాళ్లదే. బెజవాడకు మా సలహా వంకాయ రంగు. దానికి తగువుదారు లేడు, సాయంత్రపు ఏటవాలు ఎండలో లేతరంగు జెర్సీల పక్కన స్పష్టంగా కనిపిస్తుంది, మట్టి మరకా తేలదు. రెండో జెర్సీ తెలుపు. ఒకసారి నిర్ణయించాక స్పాన్సర్ మారినా రంగు మార్చకూడదని నియమావళిలోనే రాసుకోవాలి. పేరు పక్కన కంపెనీ పేరు తగిలించకూడదన్నది కూడా.

ఇప్పుడు పని సంగతి. ముందు పేటల లీగ్ నిలబడాలి. కృష్ణలంక, సత్యనారాయణపురం, భవానీపురం, పటమట, సింగ్‌నగర్, గుణదల, మొగల్రాజపురం, వన్‌టౌన్ – ఎనిమిది జట్లు చాలు. ఒక్కో జట్టు మరొకదానితో రెండేసిసార్లు ఆడితే 56 మ్యాచ్‌లు. శనివారం రెండు, ఆదివారం రెండు వేసుకుంటే 14 వారాంతాలు. నవంబర్ మొదటి వారంలో మొదలుపెట్టి సంక్రాంతికి ఒక వారం వదిలేస్తే ఫిబ్రవరి రెండో వారానికి ముగుస్తుంది. అక్టోబర్‌లో మొదలెడితే వాయుగుండాలకు దొరుకుతాం, మార్చి దాటితే ఎండకు దొరుకుతాం. కోత కోసిన వరిచేలల్లో గ్యాలరీలు కట్టి, రాత్రి లైట్ల కింద ఏడుగురి ఆట ఆడే కేరళ మలప్పురం పద్ధతి ఇక్కడ ఎందుకు పెట్టరని కొందరు అడుగుతుంటారు. మన డెల్టాలో వరి కోతకు ముందే చేలో మినుము చల్లేస్తారు. ఏ రైతు ఒప్పుకుంటాడు?

రోజుకు ఒక మ్యాచ్ ఉదయం ఏడింటికి, ఒకటి మధ్యాహ్నం మూడున్నరకు. మూడున్నరే ఎందుకంటే డిసెంబరులో విజయవాడలో అయిదున్నరకూ అయిదుంముప్పావుకూ మధ్యే పొద్దు కుంకుతుంది. రెండు 45 నిమిషాలు, మధ్యలో 15, గాయాలకూ ఆలస్యాలకూ ఇంకో అయిదారు కలిపితే ఐదూ ఇరవైకి విజిల్ పడుతుంది. అరగంట ఆలస్యమైతే చివరి పది నిమిషాలు గోల్‌కీపర్‌కు బంతి కనపడదు. మన టోర్నమెంట్లు చెడేది సరిగ్గా ఇక్కడే. ముఖ్య అతిథి నాలుగింటికి వస్తారు, జ్యోతి వెలిగిస్తారు, ఆటగాళ్ల పరిచయం, ఫొటో, రెండు ఉపన్యాసాలు, శాలువాలు. బంతి కదిలేసరికి నాలుగూ నలభై. సెకండ్ హాఫ్‌ను ముప్పై నిమిషాలకు కుదిస్తారు. ఓడిన జట్టు గొడవ చేస్తుంది, చేయడంలో తప్పూ లేదు. అతిథులను ఫైనల్ రోజున, అదీ ఆట అయ్యాక పిలవండి. లీగ్ మ్యాచ్‌కు టైముకు విజిల్ వేసే రిఫరీ చాలు.

మైదానం అన్నిటికన్నా పెద్ద బెంగ. స్వరాజ్ మైదానం ఇప్పుడు అంబేడ్కర్ స్మృతివనం. ఊరికి అది గౌరవమే, కానీ నడిబొడ్డున ఖాళీ నేల ఒకటి తగ్గింది. ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియానికి కవాతులు, సభలు ఉండనే ఉన్నాయి. గుంటూరుకు బ్రహ్మానందరెడ్డి స్టేడియం ఉంది. సభ జరిగిన నేల మీద మర్నాడే ఆడించడం ప్రమాదం. పందిరి గుంజల గుంతలను రాళ్లూ ఇటుకముక్కలతో పూడ్చి పైన మట్టి చల్లుతారు. రెండు వారాలకు మట్టి దిగి అక్కడ చీలమండ మెలిపడుతుంది. గుంతను అడుగు నుంచి ఇసుక కలిపిన మట్టితో, జానెడు మందం చొప్పున వేసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి నింపాలి. తడికల మేకులు గడ్డిలో కనిపించవు. ఇనుప చక్రాల బండి కింద అయస్కాంతాలు బిగించి నేలంతా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి లాగితే మేకులు పైకి వస్తాయి. స్టేడియాన్ని సభలకు ఇచ్చేటప్పుడు వసూలు చేసే డిపాజిట్టు ఈ పని పూర్తయ్యాకే తిరిగివ్వాలని కోరుతున్నాం.

నిండు మైదానం 105 మీటర్ల పొడవు, 68 వెడల్పు. అంటే 7,140 చదరపు మీటర్లు. మనది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, వేసవికి నెర్రెలిస్తుంది. చాలామంది ‘గట్టిపడకుండా’ అని ఆ మట్టిలో నాలుగు ట్రాక్టర్ల ఇసుక కలుపుతారు. కొద్ది ఇసుక బంకమట్టితో కలిస్తే ఎండాక ఇటుకలా తయారవుతుంది, నీరు అసలే ఇంకదు. ఇసుక వేస్తే విడిగా, పైన 30 సెంటీమీటర్ల మందాన పొరగా వెయ్యాలి, కింద కంకర, చిల్లుల పైపులు ఉండాలి. దానికి 2,142 ఘనమీటర్ల ఇసుక కావాలి, ఆరు ఘనమీటర్ల లారీలైతే 357. ఇక్కడ ఇసుక మాట ఎత్తితే ఆట పక్కకుపోయి రాజకీయం మొదలవుతుంది కనుక చవక దారి చెబుతాం. మైదానం నడుమ ఎత్తుగా, రెండు పక్కలకూ నూటికి ఒక వంతు వాలు పెట్టండి. నడిమి నుంచి పక్కగీతకు 34 మీటర్లు కాబట్టి ఎత్తు తేడా 34 సెంటీమీటర్లు. పక్కగీతకు రెండు మూడు మీటర్ల అవతల కాలువ తీయండి. ఆ కాలువ మీద జాలీ మరవద్దు. పైన గరిక. నర్సరీవాళ్లు బెర్ముడా అని అమ్మే గడ్డి ఈ గరిక జాతిదే. వేళ్లతో సహా ముక్కలు తొలకరికి నాటితే నవంబరుకు అల్లుకుంటుంది. రెండున్నర, మూడు సెంటీమీటర్ల ఎత్తులో కోస్తూ ఉండాలి. ఒకేసారి మూడోవంతు కన్నా ఎక్కువ కోస్తే పచ్చదనం పోయి కాడలు తేలతాయి. ఎండాకాలం రోజుకు ఐదు మిల్లీమీటర్ల తడి అంటే 35,700 లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఏడుకు కాస్త పైనే. బోరు లేని చోట మైదానానికి ఒప్పుకోకండి. ప్రాక్టీసు మాత్రం ఇంకోచోట పెట్టుకోవాలి, లేదంటే క్రిస్మస్ నాటికి రెండు గోల్‌ల ముందూ గడ్డి ఉండదు.

ఊరి చుట్టూ పుట్టుకొస్తున్న బాక్స్ టర్ఫులు (వల కట్టిన చిన్న ప్లాస్టిక్ గడ్డి మైదానాలు) ఈ ఆటకు ప్రత్యామ్నాయం కావు. కుర్రాళ్లకు బంతి అలవాటు చేయడానికి మంచివే. మే నెల మధ్యాహ్నం ఆ ప్లాస్టిక్ గడ్డి గాలికన్నా ఎంతో ఎక్కువ వేడెక్కి బూటు అడుగులోంచి కాలు కాలుస్తుంది, పడితే మోకాలి చర్మం లేచిపోతుంది.

గీతలకు సున్నం వద్దు. ఉడకని సున్నమైనా, తడి సున్నమైనా చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది. ముగ్గుపిండి వాడండి. అన్ని గీతలూ కలిపితే దాదాపు 717 మీటర్లు, ఒకటి రెండు బస్తాల పని. మూలమట్టం సరిచూడటానికి తాడు ఎదురుమూలకు పట్టండి. రెండువైపులా 125 మీటర్ల 10 సెంటీమీటర్లు రావాలి. రాకపోతే మైదానం వంకర, పెనాల్టీ ఏరియా కూడా వంకరే. గోల్‌ స్తంభాల మధ్య 7.32 మీటర్లు, అడ్డకమ్మీ కింద 2.44. తరలించే గోల్‌ను వెనక బరువుతోనో నేలలో మేకులతోనో కట్టకుండా వదిలితే పిల్లలు వేలాడినప్పుడు మీద పడుతుంది. ఇది ప్రాణాల మీదికొచ్చే సంగతి.

పిల్లల దగ్గర చేసే తప్పు మరొకటి. పెద్దల 5వ సైజు బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. పదేళ్లవాడికి అదే ఇచ్చి, నిండు మైదానంలో పదకొండు మందితో ఆడిస్తే వాడికి ఆటలో బంతి నాలుగుసార్లు తగులుతుంది, అదీ ముక్కుపోటే. పన్నెండేళ్ల దాకా 4వ సైజు, ఐదుగురో ఏడుగురో, మైదానంలో నాలుగోవంతు చాలు. వయసు ధ్రువపత్రాల్లో రెండేళ్లు తగ్గించుకొచ్చి అండర్–13 కప్పు గెలిచే అలవాటు పోవాలి. అలా గెలిచిన పిల్లవాడు పదహారుకు ఎక్కడా కనపడడు.

ప్రైజ్‌మనీ టోర్నమెంట్లకు బయటి నుంచి ఆటగాళ్లను కూలికి తేవడం ఇంకో రోగం. పేటల లీగ్‌లో పదకొండు మందిలో కనీసం ఎనిమిది మందికి ఆ పేటలోనే నివాసం ఉండాలన్న నియమం పెట్టండి. స్పెయిన్‌లో అథ్లెటిక్ బిల్బావో బాస్క్ ప్రాంతంతో సంబంధమున్నవాళ్లనే ఆడిస్తుంది, అయినా అక్కడి అగ్రశ్రేణి లీగ్ నుంచి ఇంతవరకు ఒక్కసారీ దిగలేదు. మనం అంత కట్టుదిట్టంగా ఉండనక్కర్లేదు.

రెండు సీజన్లు ఈ లీగ్ ఆగకుండా నడిచాక, ఆ ఎనిమిది పేటల నుంచే క్లబ్బు కట్టాలి. సొసైటీగా నమోదుకు 2001 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులు చాలు, కానీ ఏడుగురితో ఆపితే అది మళ్లీ ఒక ఇంటి వ్యవహారమే. పేటకు 150 మంది చొప్పున 1,200 మంది, నెలకు 50 రూపాయలు, ఏడాదికి 7 లక్షల 20 వేలు. శిక్షకుడి జీతం, బంతులు, ప్రయాణాలు, రిఫరీల భత్యం దీంతో నడుస్తాయి. ఎంత ఇచ్చినా ఒక మనిషికి ఒకే ఓటు. జర్మనీలో చాలా క్లబ్బుల్లో ఓట్లలో సగానికి పైన సభ్యుల చేతిలో ఉండాలన్న నియమం ఉంది. అక్కడి డార్ట్‌మండ్ క్లబ్బులో దాదాపు పాతిక వేల మంది నిలబడి చూసే గ్యాలరీ, అందుబాటు ధరల టికెట్లు నిలబడ్డాయంటే ఆ ఓటు బలం కూడా ఒక కారణం. సొసైటీ అయ్యాక జిల్లా సంఘం ద్వారా రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘంలో సభ్యత్వం, ఆటగాళ్లకు జాతీయ సమాఖ్య ఆన్‌లైన్ వ్యవస్థలో రిజిస్ట్రేషన్, శిక్షకులకు కనీసం డి లైసెన్సు (శిక్షణ అర్హతల్లో తొలి మెట్లలో ఒకటి). సంవత్సర జమాఖర్చులను మైదానం గోడకు అంటించాలి. క్లబ్బులు మన దగ్గర ఓడిపోయి మూతపడటం తక్కువ, లెక్కల దగ్గర మూతపడటమే ఎక్కువ.

సభ్యుల జాబితాకు ఇంకో ఉపయోగమూ ఉంది. లివర్‌పూల్‌లో బద్ధశత్రువులైన రెండు క్లబ్బుల అభిమానులు 2015 నుంచి కలిసి, మ్యాచ్ రోజున స్టేడియం బయట పేదలకోసం తిండి సరుకులు పోగుచేస్తున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ఏ వీధిలో ముసలివాళ్లున్నారు, ఎవరింటికి పడవ వెళ్లగలదు అన్నది చెప్పగలిగిన మనుషులే కరువయ్యారు. పేటకు 150 మంది పేర్లు, ఫోన్లు ఉన్న పుస్తకం అలాంటి రోజున జట్టుకన్నా విలువైనది.

చివరిగా తమ పత్రికను ఒకటి అడుగుతున్నాం. జిల్లా ఎడిషన్‌లో సోమవారం రెండు అంగుళాల చోటు. ఎనిమిది జట్ల పాయింట్ల పట్టిక, నాలుగు ఫలితాలు, గోల్ కొట్టినవాళ్ల పేర్లు అక్షరదోషాలు లేకుండా, వచ్చే శనివారం ఎవరితో ఎవరు, ఎన్నింటికి. ప్రారంభోత్సవపు ఫొటో వెయ్యకపోయినా ఫర్వాలేదు. పట్టిక మాత్రం పద్నాలుగు వారాలూ తప్పకుండా రావాలి. ఫలితాలు ఆదివారం సాయంత్రం ఆరింటికల్లా పంపే పూచీ మాది.

ఇట్లు,
విజయవాడ, గుంటూరు ఫుట్‌బాల్ శిక్షకులు, రిఫరీలు కొందరు